రాసేవాళ్ళూ, కనిపెట్టుకుని ఉండేవాళ్ళూ
(కొమర్రాజు వెంకట లక్ష్మణరావు స్మారకోపన్యాస పాఠం)



లక్ష్మణరావుగారి పేరు మీద మాట్లాడమన్నప్పుడు, ఆయన శాసన పరిశోధన గురించో చరిత్ర రచన గురించో చెప్పగలవాళ్ళు నాకంటే అర్హులు చాలామంది ఉన్నారని మనవి చేశాను. నిర్వాహకులు వినలేదు. "మీరు చేసే పని గురించే చెప్పండి" అన్నారు. నేను చేసే పని తెలుగు వికీపీడియాలో, మా మాటల్లో తెవికీలో, రాయడం. నిజం చెప్పాలంటే రాయడం తక్కువ, ఇతరులు రాసినవి చూస్తూ కూర్చోవడం ఎక్కువ. కాబట్టి ముఖాలు తెలియని మనుషులు అంతర్జాలంలో ఒకచోట ఎలా పోగవుతారు, పోగయ్యాక కొందరు ఎందుకు నిలుస్తారు, ఎక్కువమంది ఎందుకు వెళ్ళిపోతారు అనే సంగతి మాట్లాడతాను. దానికి లక్ష్మణరావుగారి జీవితంలోనే ఒక చిక్కుముడి ఉంది. అక్కడే మొదలుపెడతాను.

ఆయన 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. 1923లో మద్రాసులో పోయారు. నలభై ఆరేళ్ళ బతుకు. అందులోనే మునగాల సంస్థానంలో దివానుగిరీ. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం అనే గ్రంథాలయం స్థాపించడంలో ముఖ్యులు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి. మండలిలో రావిచెట్టు రంగారావు, అయ్యదేవర కాళేశ్వరరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివాళ్ళు భుజం కలిపారు. గాడిచర్లవారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్రతో మొదలై చరిత్ర, విజ్ఞానం, నవలలు వరసగా అచ్చులోకి వచ్చాయి. ఆ తరవాత ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. మల్లంపల్లి సోమశేఖరశర్మగారి వంటి సహాయకులు ఉన్నా, బరువు మాత్రం ఆయన మీదే. మూడు సంపుటాలు వెలువడ్డాయి. 'అ'కారం దాటలేదు. ఆయన పోవడంతో పని నిలిచిపోయింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు తరవాత మళ్ళీ ఎత్తుకున్నారు గానీ చివరిదాకా రాలేదు.

చిక్కుముడి ఇది. అదే మనిషి చేయి పడ్డ గ్రంథాలయం సుల్తాన్ బజారులో ఇవాళ్టికీ ఉంది. విజ్ఞాన సర్వస్వం మాత్రం మూడు సంపుటాల దగ్గర ఆగింది. ఆయనకు దేనిమీద శ్రద్ధ ఎక్కువ అంటే సందేహం లేకుండా సర్వస్వం మీదే. మరి తక్కువ శ్రద్ధ పెట్టినది ఎందుకు బతికింది? గ్రంథాలయం తలుపు తీసేవాడు మారినా తలుపు తెరుచుకుంటూనే వచ్చింది. సర్వస్వంలో తరవాతి వ్యాసం రాయవలసినవాడు ఒక్కడే.

ఈ ఇబ్బంది తెలుగువాళ్ళది మాత్రమే అనుకోనక్కర్లేదు. 2000లో అమెరికాలో న్యూపీడియా అని ఒక విజ్ఞాన సర్వస్వం మొదలైంది. పండితులు రాయాలి, పండితులు పరిశీలించాలి, ఏడంచెలు దాటితేనే ప్రచురణ. మొదటి ఏడాదిలో గట్టెక్కిన వ్యాసాలు ఇరవై చిల్లర. దానికి పక్కవాద్యంలా ఎవరైనా రాయగల చిత్తు ప్రతుల చోటుగా 2001 జనవరి 15న వికీపీడియాను తెరిచారు. కొద్ది నెలల్లో పక్కవాద్యమే కచేరీ అయిపోయింది.

తెలుగు వికీపీడియాకు వెన్న నాగార్జున 2003 డిసెంబరు 10న శ్రీకారం చుట్టారు. పాత ఫాంట్లలో ఉన్న తెలుగును యూనికోడులోకి మార్చే 'పద్మ' కూడా ఆయన చేసినదే. మొదటి ఏడాదిన్నర అక్కడ పెద్ద అలికిడి లేదు. ఉండడానికి వీలూ లేదు. చాలా కంప్యూటర్లలో తెలుగు పేజీ తెరిస్తే అక్షరాలకు బదులు డబ్బాలు కనిపించేవి. టైపు చెయ్యడం ఎలాగో ఎవరికీ తెలియదు. తరవాత లేఖిని వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే పక్కన తెలుగు పడుతుంటే జనానికి ధైర్యం వచ్చింది. హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో ఈ-తెలుగు సంస్థ స్టాలు దగ్గర నిలబడి "మీ కంప్యూటర్లో తెలుగు వస్తుందండీ, ఇలా చూడండి" అని ఒక్కొక్కరికీ చేసి చూపించిన కుర్రాళ్ళు పెద్ద మేలు చేశారు. సముదాయం గురించి పెద్ద పెద్ద సిద్ధాంతాలు చెబుతారు గానీ, మన విషయంలో మొదటి మెట్టు డబ్బాలు పోవడమే.

రెండో మెట్టు పల్లెల వ్యాసాలు. దీనిమీద ఇప్పటికీ తగువుంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో పాతికవేలకు పైగా రెవిన్యూ గ్రామాలు. ఒక సభ్యుడు బాటు చేత, అంటే తనంతట తాను పనిచేసే చిన్న ప్రోగ్రాం చేత, ఒక్కో ఊరికి ఒక్కో పేజీ పెట్టించాడు. లోపల ఒకటే వాక్యం: ఫలానా ఊరు, ఫలానా జిల్లా, ఫలానా మండలానికి చెందిన గ్రామము. అంతే. తెవికీ పరిభాషలో వీటిని మొలకలు అంటాం. వ్యాసాల లెక్కలో తెలుగు భారతీయ భాషల్లో ముందుకు దూకింది. "ఒక్క వాక్యానికి వ్యాసమని పేరా?" అని పక్క భాషలవాళ్ళు నవ్వారు, మనవాళ్ళూ నవ్వారు.

నవ్వదగ్గదే. కానీ జరిగినదేమిటో దగ్గరగా చూడండి. రిటైరైన ఒక మాష్టారు మనవడి కంప్యూటర్లో సొంత ఊరి పేరు కొట్టి చూశారు. ఆ ఒక్క వాక్యం కనిపించింది. పైన 'మార్చు' అని ఉంది. నొక్కారు. "మా గ్రామమునకు తూర్పున చెరువు కలదు. గట్టున పోతురాజు రాయి కలదు. ప్రస్తుత సర్పంచిగారు మిక్కిలి శ్రమపడి సిమెంటు రోడ్డు వేయించిరి" అని రాసి భద్రపరిచారు. 'ఇటీవలి మార్పులు' అనే పేజీలో ఆ దిద్దుబాటు ఒక వరసగా పడింది. దాన్ని ఒకాయన చూశారు. చెరువు వాక్యాలకు 'జలవనరులు' అని చిన్న శీర్షిక పెట్టారు, సర్పంచిగారి వాక్యం తీసేశారు, మాష్టారి చర్చాపేజీకి వెళ్ళి రాశారు: "మాష్టారూ, చెరువు సంగతి బాగుంది. సర్పంచిగారి రోడ్డు గురించి పత్రికలో వచ్చిన ఆధారం ఉంటే మళ్ళీ చేర్చండి. ఊళ్ళో బడి ఏ సంవత్సరంలో పెట్టారో మీకు తెలిసే ఉంటుంది. అదీ రాయండి."

నేను మాష్టారన్నానని ఆశ్చర్యపోకండి. ఆయన వాడుకరి పేరులోనే ఆ మాట ఉంది. ఆయన బడి గురించి రాశారు. తరవాత పక్క ఊరి గురించి, ఆ పక్క ఊరి గుడి గురించి రాశారు. ఇంకొంత కాలానికి ఆయనే 'ఇటీవలి మార్పులు' పేజీ తెరిచి వేరేవాళ్ళ సర్పంచుల్ని తీసేస్తూ కనిపించారు. ఇలాంటివాళ్ళు వేరే జిల్లాలనుంచీ వచ్చారు. వాళ్ళలో కొందరు రాసినదంతా "ఆధారాలు లేవు" అన్న రెండు మాటలతో ఒక్క నొక్కుకు ఎగిరిపోయింది. నియమం ప్రకారం ఆ తొలగింపూ తప్పు కాదు. కానీ వాళ్ళు మళ్ళీ కనబడలేదు.

నేను చెప్పదలచుకున్న మాట ఇక్కడే ఉంది. కొత్తగా వచ్చినవాడు నిలబడతాడా లేదా అనేది అతని ఉత్సాహం కంటే, ఆ పూట 'ఇటీవలి మార్పులు' చూస్తూ ఎవరున్నారన్న దానిమీద ఎక్కువ ఆధారపడుతుంది. మొదటి మనిషి రాసిన దాన్ని రెండో మనిషి చూశాడని మొదటి మనిషికి తెలియాలి. అదీ ఆ రోజే తెలియాలి. పదిరోజుల తరవాత వచ్చే స్వాగత సందేశం ఎంత అందంగా ఉన్నా చదివేవాడు ఉండడు. ఇంగ్లీషు వికీపీడియా అంత మహాసముద్రంలోనూ ఇదే జరిగింది. 2007 ప్రాంతంలో అక్కడ చురుగ్గా రాసేవాళ్ళ సంఖ్య శిఖరానికి చేరి, తరవాత ఏళ్ళతరబడి తగ్గుతూ వచ్చింది. పిచ్చిరాతలను ఏరివేయడానికి తెచ్చిన పనిముట్లు, ముందే రాసి ఉంచిన హెచ్చరిక మూసలు మంచి మనసుతో వచ్చిన కొత్తవాళ్ళకూ తగిలాయని పరిశోధకులు తేల్చారు. కాపలా గట్టిపడింది, పలకరింపు పోయింది.

వరదలా జనాన్ని తెచ్చే మార్గాల గురించి అందరూ అడుగుతారు. వరదలు మేమూ చూశాం. 2006 నవంబరులో ఈనాడు ఆదివారం అనుబంధంలో తెవికీ మీద వ్యాసం వచ్చింది. ఒక్కసారిగా ఎంతోమంది ఖాతాలు తెరిచారు. వాళ్ళలో కొందరు తరవాత తెవికీకి మూలస్తంభాలయ్యారు కూడా. ఎక్కువమంది ఒక వాక్యం రాసి వెళ్ళిపోయారు. తరవాత పోటీలు వచ్చాయి. 2018లో ప్రాజెక్ట్ టైగర్ కింద లాప్‌టాపులూ, ఇంటర్నెట్ ఖర్చులూ ఇచ్చి వ్యాస రచన పోటీలు పెట్టారు. పోటీలంటే నాకు ఏవగింపేమీ లేదు. ఇంటర్నెట్ బిల్లు కట్టుకోలేని కుర్రాడికి అది పెద్ద ఆసరా. అయితే పోటీ వ్యాసానికి గడువు ఉంటుంది, గడువు దాటాక ఆ వ్యాసంలో తప్పు దిద్దడానికి ఎవరూ మార్కులు వేయరు.

అన్నిటికంటే పెద్ద పాఠం గూగుల్ అనువాదాలు. 2009 మొదలు గూగుల్ సంస్థ డబ్బిచ్చి అనువాదకుల చేత ఇంగ్లీషు వ్యాసాలను భారతీయ భాషల్లోకి, ఇంకా కొన్ని భాషల్లోకి మార్పించి వికీపీడియాల్లో పెట్టించింది. ఉద్దేశం మంచిదే. తెలుగులోకి సుమారు రెండు వేల వ్యాసాలు వచ్చిపడ్డాయి. ఒక్కొక్కటీ చేంతాడంత పొడుగు. క్రియ ఎక్కడుందో వెతుక్కోవాల్సిన వాక్యాలు, తెగిపోయిన మూసలు, మన పాఠకుడికి ఎందుకో తెలియని అంశాలు. చర్చాపేజీలో అడిగితే జవాబు రాదు. అనువాదకుడికి అప్పగించిన పని వ్యాసం అప్పజెప్పడం వరకే. బెంగాలీవాళ్ళు ఇలాగైతే వద్దు పొమ్మన్నారు. తమిళులు గూగుల్‌తో కూర్చుని ఏ అంశాలు కావాలో, నాణ్యత ఎలా ఉండాలో మాట్లాడుకున్నారు. మనం ఆ రెండూ చెయ్యలేదు, వచ్చినవాటిని రానిచ్చాం. ఏళ్ళ తరవాత ఒక్కొక్కటీ విప్పి చదివి, బాగుచెయ్యగలిగినవి బాగుచేసి, చాలావాటిని చర్చించి తొలగించాల్సి వచ్చింది. డబ్బు పుచ్చుకుని రాసినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు, ఊడ్చినవాళ్ళకు పైసా లేదు.

బాటుల సంగతి మళ్ళీ ఎత్తుతాను, ఎందుకంటే మా పల్లెల మొలకలను సమర్థించి ఇప్పుడు గూగుల్‌ను తిట్టడమేమిటని మీరు అడగవచ్చు. ఫిలిప్పీన్స్‌లో మాట్లాడే సెబువానో భాషలో అరవై లక్షల వ్యాసాలున్నాయి. దాదాపు అన్నీ స్వీడన్‌కు చెందిన ఒకాయన నడిపిన బాటు పెట్టినవే. జీవజాతులు, కొండలు, వాగులు. రాసే మనుషులు గుప్పెడు. అక్కడ పేజీ ముందొచ్చింది, దాన్ని తెరిచి 'ఇది మా ఊరే' అనుకునే పాఠకుడు వెంటరాలేదు. మన మొలకల్లో వేలకొద్దీ అలాగే పదేళ్ళు పడున్నాయి, అది దాచవలసిన విషయమేం కాదు. కానీ ప్రతి మొలక వెనకా అది తన ఊరనుకునే మనిషి ఎక్కడో ఉన్నాడు. ఒంగోల్లోనో, డాలస్‌లోనో. 2020లో, జనం ఇళ్ళలో కూర్చున్న ఆ కాలంలో, 'మొలకల విస్తరణ ఋతువు' అని ఒక కార్యక్రమం పెట్టుకుని వాటిలో చాలావాటికి నీళ్ళు పోశారు.

కనిపెట్టుకునే రెండో కన్ను లేకపోతే ఏమవుతుందో స్కాట్లండ్ చూపించింది. స్కాట్స్ భాష వికీపీడియాలో వేల వ్యాసాలను ఆ భాష రాని ఒక అమెరికన్ పిల్లవాడు, ఇంగ్లీషు మాటలకు నిఘంటువులో దొరికిన స్కాట్స్ మాటలు అంటించి, ఏళ్ళపాటు రాసుకుంటూ పోయాడు. 2020లో బయటపడేదాకా గట్టిగా అడ్డుపడినవారు లేరు. అతను కుట్రతో చేసినది కాదు, భాష మీద ఇష్టంతోనే చేశాడు. అతనికి ఒక మాష్టారు దొరకలేదు.

ఇక కొత్త వ్యాసాలు రాయడం సరదా పని. పాతవి సర్దడం చాకిరీ. సముదాయం వయసు పెరిగేకొద్దీ రెండోదే ఎక్కువవుతుంది. 2016 అక్టోబరు 11, దసరా నాడు, తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి ముప్పై మూడు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు ఇరవై ఆరయ్యాయి. వార్తాపత్రికకు అది ఒకరోజు మొదటి పేజీ. తెవికీలో ఏమైందో చూడండి. చేర్యాల మండలం వరంగల్లు జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాకు వెళ్ళింది. అంటే ఆ మండలంలో ప్రతి ఊరికీ మొదటి వాక్యం మారాలి. కుడిపక్క సమాచారపెట్టె మారాలి. అడుగున ఉండే మండల గ్రామాల మూస మారాలి. వర్గం మారాలి. ఆ ఊళ్ళో పుట్టిన కవి వ్యాసంలో 'వరంగల్లు జిల్లా' అని ఉంటే దాన్ని ఉంచాలా, 'పూర్వపు' అని చేర్చాలా అని రచ్చబండలో, అంటే సభ్యులందరి ఉమ్మడి చర్చాపేజీలో, చర్చ జరగాలి. కొత్త మండలం ఏర్పడితే, ఒకే పేరున్న ఊళ్ళను వేరుచేయడానికి బ్రాకెట్లో పెట్టిన మండలం పేరు మారాలి, పాత పేరు నుంచి దారిమార్పు ఉండాలి. ప్రభుత్వ ఉత్తర్వు పీడీఎఫ్ పక్కన పెట్టుకుని ఊరూరూ టిక్కు పెట్టుకుంటూ పోవాలి. కొంత బాటు చేస్తుంది. ఒకే పేరున్న ఊళ్ళు ఒకే జిల్లాలో రెండు మూడున్నచోట బాటుకు తెలియదు, మనిషి చూడాలి. ఈ పని నెలల తరబడి చేసిన వాళ్ళున్నారు. వాళ్ళెవరో ఈ సభలో సగంమందికి తెలియదు. ఆ వ్యాసం చదివే పాఠకుడికి అసలే తెలియదు. 'చరిత్ర' అని ఉన్న చోట నొక్కితే పేర్లు వస్తాయి గానీ, నొక్కేదెవరు?

తగువుల గురించి చెప్పకపోతే అబద్ధమవుతుంది. సినిమా హీరోల పేజీలు, కులాల పేజీలు ఎప్పుడూ రావణకాష్ఠమే. ఒకడు వచ్చి సినిమా వందరోజులాడిందంటాడు, ఇంకొకడు ఆడలేదంటాడు, ఇద్దరికీ ఆధారం ఉండదు. ఒక మహనీయుడి జీవితచరిత్రలో మొదటి వాక్యంలోనే ఆయన కులం చేర్చడానికి రోజూ ఎవరో ఒకరు వస్తారు. ఇవి బయటి తగువులు, తేలికైనవి. లోపలి తగువులు కష్టం. పదేళ్ళుగా పక్కపక్కన పనిచేసిన ఇద్దరు ఒక వ్యాసం ఉంచాలా తీసెయ్యాలా అని మాటామాటా అనుకుని ఒకరు మానేస్తారు. తెవికీలో ఒక ఆచారం నాకు ముచ్చట. ఎంత కోపంలోనైనా ఎదుటివాడి వాడుకరి పేరు పక్కన 'గారూ' అని పెట్టే రాస్తారు. 'మీరు చేసినది ఘోరమైన పని, ఫలానా గారూ' అని. నవ్వొస్తుంది గానీ ఆ 'గారూ' వల్ల ఆగిన దెబ్బలు నేను చూశాను.

ముఖాముఖి కలుసుకోవడమూ అంతే పని చేస్తుంది. ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇల్లు, గోల్డెన్ థ్రెషోల్డ్‌లో, కొన్నేళ్ళు తెవికీ సమావేశాలు జరిగాయి. 2014 ఫిబ్రవరిలో విజయవాడలో దశాబ్ది ఉత్సవాలు. అప్పటికి లక్ష్మణరావుగారి పేరిట వికీమీడియా పురస్కారం కూడా ఏర్పాటైంది. 2024 జనవరిలో విశాఖలో ఇరవయ్యేళ్ళ పండగ. ఇలాంటి చోట్ల ఉపన్యాసాలు ఎవరికీ గుర్తుండవు (నాదీ అంతే). చర్చాపేజీలో నిప్పులు చెరిగే మనిషి ఎదురుగా కూర్చుని, తనకు షుగరని స్వీటు పక్కన పెట్టేస్తుంటే, మళ్ళీ ఆ మనిషికి ఘాటుగా రాయడం కొంచెం కష్టం.

వ్యాసాలు ఇప్పుడు లక్ష దాటాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8 కోట్ల పైన. ఆ 8 కోట్లలో తెవికీ పనిని నెలనెలా గట్టిగా మోసేవాళ్ళందరినీ పెళ్ళిలో ఒక బంతికి కూర్చోబెట్టొచ్చు. రెండో బంతి వేయాల్సిన అవసరం రాదు. వాళ్ళలో చాలామంది రిటైరైనవాళ్ళు. కాబట్టి ఒక అప్రియమైన విషయం ముగింపు దగ్గర ఎత్తక తప్పదు.

సభ్యుడు కన్నుమూస్తాడు. తెవికీలో ఇప్పటికే కొందరిని పోగొట్టుకున్నాం. రచ్చబండలో సంతాపం రాస్తాం. ఆయన వ్యాసాలు ఉంటాయి, దిద్దుబాట్లన్నీ ఆయన పేరు మీద అలాగే ఉంటాయి. ఒక్కటి మాత్రం ఆయనతో పోతుంది. అది వీక్షణ జాబితా. పేజీ పైన నక్షత్రం గుర్తు నొక్కితే ఆ పేజీ మన జాబితాలో చేరుతుంది, ఎవరు మార్చినా మనకు కనబడుతుంది. ఇరవయ్యేళ్ళు పనిచేసిన మనిషి జాబితాలో వేల పేజీలుండొచ్చు. తన జిల్లా ఊళ్ళు, తనకిష్టమైన కవులు, ఎప్పుడో ఒక రాత్రి దిద్దిన ఒక మందు మొక్క. ఆ జాబితా ఆయనకు తప్ప ఎవరికీ కనబడదు, అలా ఉండాలనే కట్టారు. అందుచేత ఆయన పోయిన రోజున ఏయే పేజీలు దిక్కులేనివయ్యాయో మిగతావాళ్ళకు తెలియదు. ఆర్నెల్లకు ఎవరో ఒక ఊరి జనాభాకు రెండు సున్నాలు చేరుస్తారు, అది అలాగే ఉండిపోతుంది.

దీనికి సగం మందు ఉంది. ఎవరి జాబితాలోనూ లేని పేజీలను చూపించే ప్రత్యేక పేజీ ఒకటుంది. దుర్వినియోగం కాకుండా తెవికీ నిర్వాహకులకు మాత్రమే కనిపించేలా పెట్టారు. సగమే ఎందుకన్నానంటే, పోయిన మనిషి ఒక్కడే కాచిన పేజీలు ఆయన ఖాతా జాబితాలో ఇంకా ఉన్నట్టే లెక్క, కాబట్టి ఆ వరసలో అవి రావు. కనుక బతికుండగానే పంచుకోవాలి. జిల్లాకు ఇద్దరు చొప్పున, ఒకరి పేజీలు ఇంకొకరు కూడా నక్షత్రం నొక్కి ఉంచుకోవాలని నా ప్రతిపాదన. దీన్ని రచ్చబండలో పెడుతున్నాను. అభ్యంతరాలుంటాయి, వినడానికి సిద్ధంగా ఉన్నాను. నిర్వాహకులకు కనిపించే ఆ ప్రత్యేక పేజీని వారానికొకసారి తెరిచి చూడడం ఎవరి బాధ్యతో కూడా అక్కడే తేల్చుకుందాం. ఇప్పటికైతే అది ఫలానావారి పనని ఎక్కడా రాసి లేదు.